అరవైకీ అరవై ఐదుకీ మధ్య

ఆస్పత్రి లాండ్రీలో దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు కావాలి. చెరో రెండు మూలలూ పట్టుకుని దులపాలి, సగానికి మడవాలి, ఎదురెదురుగా నడిచి దగ్గరికొచ్చి ఒకరి మూలలు ఇంకొకరి చేతిలో పెట్టాలి, వంగి కింది మడత అందుకోవాలి. రోజుకి ఆరువందల దుప్పట్లు. ఇరవై రెండేళ్ళుగా ఆ పని చేస్తున్న మనిషిని అందరూ మడతక్క అనేవాళ్ళు. అంచుకి అంచు వెంట్రుకవాసి తేడా వచ్చినా విప్పి మళ్ళీ మడిచేది. అవతలివాళ్ళకి ప్రాణం విసిగేది. ఆమె గురించి చెప్పుకోవడానికి అంతకుమించి చెడ్డమాట ఎవరికీ దొరకలేదు.

ఆమెకి ఒక్కడే తమ్ముడు, ఉండేది అతని ఇంట్లోనే. అదే ఆస్పత్రిలో లిఫ్టు నడిపేవాడు. ఒకసారి రోడ్డు పక్క పాత పుస్తకాల కుప్పలో అతనికి అట్టలేని పుస్తకం ఒకటి దొరికింది. వింగ్ చున్ అనే చైనా యుద్ధవిద్యలో అందరికన్నా ముందు నేర్పే వరస అందులో ఉంది. దాని పేరు సియు నిమ్ తావ్, అంటే చిన్న ఆలోచన అని మొదటి పేజీలోనే రాశారు. నూట ఎనిమిది బొమ్మలు, బొమ్మకి ఒక వాక్యం. ఆ వరస అతనికి తెగ నచ్చేసింది, ఎందుకంటే మొదటినుంచి చివరిదాకా అడుగు తీసి అడుగు వెయ్యక్కర్లేదు. మోకాళ్ళు కాస్త వంచి, కాలివేళ్ళు లోపలికి తిప్పి, నిలబడ్డచోటే నిలబడి అన్నీ చేతులతోనే చెయ్యాలి. లిఫ్టులో అంతకన్నా చోటెక్కడుంది?

రెండు చేతులూ గాల్లో ఉన్నవాడు పేజీ ఎలా తిప్పుతాడు? అందుకని రోజూ పొద్దున్నే అతని పెళ్ళాం, అంటే మడతక్క మరదలు, ఎదురుగా స్టూలు వేసుకుని పుస్తకం పట్టుకునేది. ఆమె పని కళ్ళజోళ్ళ షాపులో, వదులైన మరలు బిగించడం. ఊళ్ళోవాళ్ళందరి కళ్ళజోళ్ళూ నిలబెట్టింది గానీ మొగుడిది మాత్రం ఆమె వల్ల కాలేదు. ఎంత బిగించినా జారి ముక్కు చివరికొచ్చి కూర్చునేది. అది ముక్కు కాదు, జారుడుబల్ల అనేది.

ఏడు నెలల కిందట ఒక మధ్యాహ్నం అతను లిఫ్టులోనే చనిపోయాడు. గుండె ఆగిపోయింది. మూడో అంతస్తులో దిగిన నర్సుతో వాన గురించి ఏదో మాట్లాడాడట. తలుపులు మూసుకున్నాయి. నాలుగో అంతస్తులో తెరుచుకునేసరికి స్టూలు మీద, గోడకి ఆనుకుని కూర్చున్నాడు, ప్రాణం లేదు. అక్కడ దుప్పట్ల బండి పట్టుకుని లిఫ్టు కోసం చూస్తున్నది మడతక్కే. అతన్ని చూడగానే ఆమెకి తట్టింది ఒక్కటే, ఇవాళ కళ్ళజోడు సరిగ్గా ఉందే అని. ఆ తర్వాత ఇంకేమీ తట్టలేదు. ఏడుపు రాలేదు. వేళకి తినేది, వేళకి పడుకునేది, పనికి వెళ్ళేది. ఎంత గట్టి మనిషో అన్నారంతా. గట్టిదనం కాదు, లోపల ఎవరూ లేరు.

మూడుకీ నాలుగుకీ మధ్య లిఫ్టుకి తొమ్మిది సెకన్లు పడుతుంది. మూడులో ఉన్నాడు, నాలుగులో లేడు. ఆ తొమ్మిది సెకన్లలో తమ్ముడు ఏం చేశాడన్నది ఒక్కటే ఆమెకి తెలియాలి. డాక్టర్లని అడిగితే వాళ్ళు గుండె గురించి వివరంగా చెప్పారు. ఆమె అడిగింది గుండె గురించి కాదు. వాళ్ళకి విడమరిచి చెప్పే ఓపిక లేక వచ్చేసింది.

నాలుగో నెలలో కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి రొమ్ము దాటి పైకి లేవడం మానేసింది. ఎముకల డాక్టరు నొక్కి నొక్కి చూసి నొప్పి ఎక్కడని అడిగాడు. ఎక్కడా లేదంది. ఉండాలే, అని మళ్ళీ నొక్కాడు. లేదంది. రోజూ చేతులు కదిలించమని చెప్పి పంపేశాడాయన. చేతులు కదిలించే పుస్తకం ఇంట్లోనే ఉంది కదా అనుకుంది మడతక్క. మర్నాడు పొద్దున ఆమె పుస్తకం తీస్తే, మరదలు స్టూలు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

మొదటి బొమ్మ చేసింది. రెండో బొమ్మ చేసింది. ఆ రెంటికీ మధ్య ఆమె గదిలో లేదు.

రెప్పపాటు ఖాళీ, అంతే. అందులో విడ్డూరమేమీ లేదు. ఒక బొమ్మలో చెయ్యి నడుం దగ్గరుంటుంది, తర్వాతి బొమ్మలో రొమ్ముకి ఎదురుగా ఉంటుంది. అక్కణ్ణించి ఇక్కడికి ఎలా వచ్చిందో పుస్తకంలో లేదు. పుస్తకంలో లేని పని మడతక్క చెయ్యదు. మరదలు పేజీ తిప్పింది.

కొన్నాళ్ళకి అందరికీ అలవాటైపోయింది. పక్కింటావిడ ఇస్త్రీపెట్టె కోసం వచ్చి మీ వదిన లేదా అంటే, బొమ్మల మధ్యలో ఉంది, కూర్చోండి అనేది మరదలు. ఆవిడ కూర్చునేది. లాండ్రీలో ఓసారి మడతక్క పనివేళే బొమ్మలు మొదలుపెట్టింది. అవతలావిడ చేతిలో సగం దుప్పటి ఉండగా మిగతా సగం నేలపాలైంది. మేస్త్రీ వచ్చి, మాయమవ్వాలంటే భోజనాల టైములో అవ్వమని గదమాయించాడు. ఉతికింది మళ్ళీ ఉతకాలంటే ఎవరికైనా కోపమే కదా.

మొదట్లో రెప్పపాటు ఉన్నది నెల తిరిగేసరికి టీ మరిగేంత అయింది. ఆ పై నెలలో కుళాయి కింద బకెట్టు నిండేంత అయింది. ఒక పొద్దున యాభై తొమ్మిదో బొమ్మ నుంచి అరవైకి వస్తూ మనిషి వచ్చింది గానీ ఎడమచేతి చిటికెనవేలు రాలేదు. రెండు నిమిషాలు ఆగి వచ్చింది. మడతక్క దాన్ని చూసి చూడనట్టు ఊరుకుంది. మరదలు మాత్రం వేళ్ళన్నీ ఇంకోసారి లెక్కపెట్టింది.

అరవై దాటితే అరవై ఐదే. పుస్తకం కొన్నప్పుడే మధ్యలో ఒక ఆకు చిరిగిపోయి ఉంది. ఇటు రెండు, అటు రెండు, నాలుగు బొమ్మలు పోయాయి. మడతక్క రోజూ అరవై దాకా వచ్చి, చిరిగిన అంచు వైపు కాసేపు చూసి, చేతులు దించేసేది. ఒక సాయంత్రం టీ తాగుతూ మామూలుగా చెప్పింది.

"రేపు అరవై దాటుతాను."

మరదలు కప్పు కింద పెట్టింది. "ఒక్క బొమ్మకే బకెట్టు నిండుతోంది. ఇది ఐదు బొమ్మల దూరం వదినా. తిరిగి రాకపోతే?"

"రాకపోతే రాను. మేస్త్రీకి చెప్పాను, నా చోట్లో ఇంకొకర్ని పెట్టుకోమని."

"అంతలా ఏముందక్కడ?"

"ఏమీ లేదు. ఏమీ ఉండదు కాబట్టే బాగుంటుంది. వాడు కూడా లేడు. ఇంకా లోపలికి వెళ్తే ఉంటాడేమో."

ఆయనా రోజూ అరవై దాటేవాడే, ఒక్కసారీ మాయం కాలేదు అంది మరదలు. మధ్యలో ఏదో ఒకటి చేసేసేవాడట.

"పుస్తకంలో లేనివా?"

"లేనివే."

"అయితే తప్పు చేశాడు" అని మడతక్క కప్పులు కడగడానికి లేచింది. అందులో దెప్పిపొడుపేమీ లేదు. దుప్పటి మడత తప్పిందన్నట్టే అంది.

మర్నాడు ఆమెకి వారపు సెలవు. మరదలు షాపుకి వెళ్ళలేదు. యాభై తొమ్మిది, అరవై. అరవైలో మడతక్క చిరిగిన అంచు వైపు చూడలేదు. మరదలి మొహం వంక ఒక్క క్షణం చూసి, లేకుండా పోయింది.

మరదలు బకెట్టు కుళాయి కింద పెట్టి ఉంచింది. అది నిండింది. పారబోసి మళ్ళీ పెట్టింది. అలా ఐదుసార్లు నిండింది. ఆరోసారి కుళాయి కట్టేసి వచ్చి కూర్చుంది. కిటికీలోంచి పడే ఎండ నేల మీంచి గోడ మీదికి పాకింది. పక్కింటావిడ ఇస్త్రీపెట్టె తిరిగిచ్చేందుకు వచ్చి, బొమ్మల మధ్యలో ఉందా అని అడిగింది. అరవై దాటిందని చెప్తే ఆవిడ పెట్టె గుమ్మం దగ్గర పెట్టి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది.

మిట్టమధ్యాహ్నం అయింది. ఇక రాదు అని మరదలికి తెలిసిపోయింది. ఒకే ఇంట్లోంచి ఇద్దరు అలా మధ్యలో వెళ్ళిపోవడం ఆమెకి న్యాయంగా కనిపించలేదు. ఆమెకి మడతక్కలా కాదు, ఏడుపు వస్తుంది. అందుకే ఈ ఏడు నెలలూ మొగుడి చేతుల గురించి ఆలోచించకుండా జాగ్రత్తపడింది. అరవైకీ అరవై ఐదుకీ మధ్య అతను ఏం చేసేవాడో రోజూ ఎదురుగా కూర్చుని చూసింది ఆమె ఒక్కతే. పుస్తకం స్టూలు మీద పెట్టి, వెళ్ళి వదిన నిలబడ్డచోట నిలబడింది. మోకాళ్ళు వంచింది. వేళ్ళు లోపలికి తిప్పింది.

మొదట రెండు చేతులూ తొడలకేసి తుడుచుకుంది. అరవయ్యో బొమ్మ దాకా వచ్చేసరికి అతనికి అరచేతులు చెమట పట్టేవి. తర్వాత కుడిచేతి చూపుడువేలితో, పెట్టుకోని కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుంది. తర్వాత బొటనవేలితో గాల్లో ఒక మీట నొక్కింది. పనిలో లేనప్పుడు కూడా అతని బొటనవేలు అలా లిఫ్టు మీటలు నొక్కుతూనే ఉండేది. ఆఖరికి చెయ్యి ముందుకి చాచి రెండు వేళ్ళు ఆడించింది, పేజీ తిప్పమని. తిప్పేవాళ్ళు ఎదురుగా లేరు. అప్పటికి ఆమెకి కళ్ళ ముందు ఏదీ సరిగ్గా కనిపించడం లేదు.

చాచిన చేతికి ఎదురుగా ఒక అరచెయ్యి తగిలింది. అరవై ఐదో బొమ్మలో కుడి అరచెయ్యి మొహం ఎత్తులో ముందుకి చాచి ఉంటుంది. ముందు ఆ చెయ్యి వచ్చింది, తర్వాత మోచెయ్యి, భుజం, మడతక్క. వేళ్ళన్నీ వచ్చాయి.

"ఏం చేశావు నువ్వు?" అని అడిగింది మడతక్క.

"ఆయన చేసేవి చేశాను."

"మళ్ళీ చెయ్యి."

మరదలు మళ్ళీ చేసింది. చేతులు తుడుచుకుంది, కళ్ళజోడు తోసుకుంది, మీట నొక్కింది, వేళ్ళు ఆడించింది. మడతక్క ఇంకోసారి చెయ్యమంది. ఈసారి కళ్ళజోడు దగ్గర ఆపింది.

"అది ఎప్పుడూ చేసేవాడా?"

"రోజుకి వందసార్లు. నేను బిగించిన మర ఒక్కటన్నా నిలబడిందా? తొయ్యకపోతే కిందికి జారిపోదూ."

"ఆ రోజు పైకే ఉంది" అంది మడతక్క. "తలుపు తెరుచుకున్నప్పుడు. సరిగ్గా ముక్కు మీద ఉంది."

మరదలికి ఈ సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. చెప్పదగ్గ సంగతని ఎవరూ అనుకోలేదు. ఆమె వేలు ఇంకా తన ముక్కు మీదే ఉంది.

"అయితే తోసుకున్నాడన్నమాట" అంది.

"మూడుకీ నాలుగుకీ మధ్య."

"ఆఁ. మధ్యలో."

మడతక్క చాచిన చెయ్యి దించబోయి ఆగిపోయింది. ఎడమచేత్తో కుడి భుజం పట్టుకుంది. మొహం అంతా ముడుచుకుపోయింది. ఏమైందని మరదలు దగ్గరికి వస్తే, నొప్పి అంది. ఎప్పట్నించి అని అడిగితే, ఇప్పట్నించే అంది. అంటూండగానే ఏడుపొచ్చింది, ఏడు నెలలు ఆలస్యంగా. నేల మీద కూర్చుని, భుజం పట్టుకుని, చిన్నపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది. మరదలు పక్కన కూర్చుంది. ఊరుకోమని అనలేదు.

ఏడుపు కాస్త తెరిపిచ్చాక మడతక్క లేచి రోజూ నిలబడేచోట మళ్ళీ నిలబడింది. మరదలు స్టూలు మీద కూర్చుని పుస్తకం తీసుకుంది. అరవై ఐదో బొమ్మకి చెయ్యి ఎత్తింది మడతక్క. నొప్పికి కళ్ళు మూసుకుంది, తెరిచింది. తర్వాత, పుస్తకంలో ఎక్కడా లేకపోయినా, రెండు అరచేతులూ తొడలకేసి తుడుచుకుంది. కొంచెం సిగ్గుపడుతూ, తనకి లేని కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుంది. రెండు వేళ్ళు ఆడించింది.

మరదలు పేజీ తిప్పింది. అరవై ఆరో బొమ్మ వచ్చేదాకా మడతక్క గదిలోనే ఉంది.