ముందుసీటు ఖాళీ లేదు

సోమవారం ఉదయం కారు వెనకసీటు నాలుగు మీటర్లు వెనక్కి జరుగుతుంది. సింహాద్రి సర్వేయరు కాబట్టి సంచీలోంచి టేపు తీసి కొలిచి చూసుకుంటాడు. బయటినుంచి చూస్తే కారు ఎప్పటిలాగే ఉంది. భీమిలిలో వాళ్ల ఇంటి గేటుకీ కొళాయి దిమ్మకీ మధ్య ఎప్పటిలాగే ఇరుక్కుని నిలబడుతుంది.

ఎర్రటి చిన్న కారు అది, నేలకి జానెడెత్తులో పరిగెడుతుంది. అతని భార్య హైమ విశాఖలో ఫిజియోథెరపిస్టు. రోజూ బీచ్ రోడ్డు మీద వెళ్లిరావడానికి ఏరికోరి కొనుక్కుంది. సింహాద్రికేమో ఎత్తుగా, కాళ్లు చాపుకునేలా ఉండే బండి కావాలి. ఇందులో స్పీడు బ్రేకరు ఎక్కితే వెన్నుపూసల్ని ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలిచినట్టుంటుంది. డిక్కీలో బియ్యం బస్తా పట్టదు. అందుకని ఆమెతోపాటు ఆఫీసుకి బయల్దేరిన మొదటిరోజే అలిగి వెనక కూర్చున్నాడు. బతిమాలితే ముందుకి వద్దామనుకున్నాడు. హైమ బతిమాలలేదు. గేరు మార్చినప్పుడల్లా కారు గొంతు పెంచేది, ఆమె నవ్వేది. ఆ నవ్వు ఇంట్లో విని ఏళ్లయింది.

మంగళవారం ముప్పై మీటర్లు. బుధవారానికి మాట అందదు, ఫోను చేయాల్సి వస్తుంది.

"హైమా, ఆ ఏసీ కాస్త తగ్గించు."

"చలేస్తోందా? ఇక్కడ బాగానే ఉందండీ."

'ఇక్కడ' అన్న మాట ముల్లులా దిగుతుంది. తలెత్తి చూస్తాడు. ముందుసీట్లో ఎవరిదో తల, ఒత్తైన నల్లటి జుట్టు. హైమ అటు తిరిగి ఏదో చెబుతోంది. మలుపులొచ్చినప్పుడు మాత్రం రోడ్డు చూస్తుంది.

సాయంత్రం అన్నం దగ్గర, ఆ మనిషెవరని అడుగుతాడు. మీకు తెలిసినాయనేనని చెప్పి హైమ చారు పోస్తుంది.

గురువారం అతను ఆఫీసుకి సెలవు పెట్టి, కారెక్కి, ముందుకి నడవడం మొదలుపెడతాడు. కాళ్లకింద మ్యాట్లు చిత్తడిగా ఉన్నాయి. తొట్లకొండ దగ్గర స్పీడు బ్రేకరొకటి కారులోపల గుట్టలా లేస్తుంది. చేతులూ మోకాళ్లూ ఆనించి ఎక్కి దిగుతాడు. అవతల కూర్చుని క్యారేజీ విప్పుతాడు. ముందునుంచి నవ్వు వినబడుతూనే ఉంటుంది. క్యారేజీ మూసి లేస్తాడు.

రుషికొండ వచ్చేసరికి ముందుసీటు చేతికి అందుతుంది. అందులో కూర్చున్నది సింహాద్రే. ఇరవయ్యారేళ్లవాడు, బొజ్జ లేదు.

"ఎవరు మాస్టారూ మీరు?" అంటాడు ఆ పడుచువాడు.

"ఈయన వెనకసీట్లో ఉంటారు," అని హైమ మర్యాదగానే పరిచయం చేస్తుంది.

అది తన సీటనీ, దిగమనీ సింహాద్రి చెబుతాడు.

"దిగుతాను మాస్టారూ. పెళ్లైన వారానికి ఈవిణ్ణి ఒకమాట అడిగాను, నీకేం ఇష్టమని. ఇంకా చెబుతోంది. అంతా విని దిగుతాను."

నిజమే, అడిగాడు. పాలు పొంగుతున్నాయని ఆమె లేచి వెళ్లింది. తిరిగొచ్చేసరికి తను పేపరు చదువుకుంటున్నాడు. పన్నెండేళ్ల జవాబు వీడొక్కడే వింటున్నాడన్నమాట. సింహాద్రికి తన మొహాన్ని తనే కొట్టాలన్నంత ఈర్ష్య పుడుతుంది.

కొట్టడు. డోరుకీ వాడికీ మధ్య ఒదిగి కూర్చుంటాడు. ఉన్న బెల్టు ఒకటే. ఇద్దరికీ సరిపోతుంది.

హైమ ఆపిన చోటునుంచే అందుకుంటుంది. పదిహేనేళ్లప్పుడు అరకులో వాళ్ల నాన్న జీపు చెప్పకుండా తీసుకెళ్లేదట. ఘాట్ మలుపుల్లో రెండో గేరు వేసి లాగిస్తుంటే కడుపులో చల్లగా ఉండేదట. పెళ్లయ్యాక ఆ చలవ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదట. సింహాద్రి వింటాడు. పడుచువాడికంటే బాగా వినాలని మెడ చాస్తాడు. వాడూ చాస్తాడు.

"ఇరుగ్గా లేదాండీ?" అంటుంది హైమ, ఎవరినో.

లేదని ఇద్దరూ చెబుతారు.

ఎడమపక్క సముద్రం రోడ్డెక్కుతుంది. తడవకుండా కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని, కారుతో సమంగా నడుస్తుంది. కొంతదూరం పోయాక వంగి కిటికీలోకి తొంగిచూస్తుంది.

"తర్వాతేమైంది హైమా?" అని అడుగుతుంది.

ఇద్దరు సింహాద్రులూ కలిసి, ఒకే వేలితో, అద్దం మూసేస్తారు.