చావని రాజు

ఈరప్ప ఇంట్లో ఇద్దరు మగవాళ్లుండేవారు, ఒళ్లు మాత్రం ఒకటే. ఆ సంగతి తెలిసింది అతని పెళ్లాం అంజనమ్మకు ఒక్కదానికే. చేని నుంచి వచ్చిన మనిషి "ఏమే, నీళ్లియ్యి" అంటే మొగుడు. "జలము తెమ్ము" అంటే రాజు.

ఇదంతా కరువొచ్చి గంజి కేంద్రాలు తెరిచిన ఏడాది మొదలైంది. పామిడి దగ్గర పెన్న ఇసకలో తవ్విన చెలమలు కూడా ఎండిపోతే, ఊరివాళ్లు ఆనవాయితీ ప్రకారం వాన కోసం నాటకం కట్టించారు. ఎండిన చెరువుకు పసిపిల్లను బలి ఇవ్వబోయే రాజు వేషం ఈరప్పది. ఎవరైనా గట్టిగా మాట్లాడితేనే బెదిరిపోయే మనిషి, రంగు పూసుకున్నాడంటే ఊరంతా జడుసుకునేది. చివర్లో సేనాపతి వచ్చి రాజును చంపాలి. చచ్చిన రాజుకు నాటకం నేర్పిన అయ్యవారు హారతి తిప్పి కిరీటం దించాలి. అప్పుడే వేషం దిగినట్టు. ఆ ఏడు మాత్రం సేనాపతి రంగం మీదికి రాకముందే వాన దంచికొట్టింది. జనం కేకలేసుకుంటూ, తడుస్తూ ఇళ్లకు పరుగెత్తారు. రాజును చంపాలని ఎవరికీ గుర్తు రాలేదు. నాటకమయ్యవారు బసప్ప కూడా మద్దెల తడుస్తుందని దాన్ని చంకన పెట్టుకుని చక్కా పోయాడు. తీరా చూస్తే ఆ వాన ఆ ఒక్క రోజుదే, చేనుకు దక్కింది ఏమీ లేదు.

వేషం దిగని ఆ రాజు ఈరప్ప ఒంట్లోనే ఉండిపోయి మాట్లాడుతుంటే, మొదట్లో అంజనమ్మ నవ్వుకుంది. తర్వాత ఎవరికీ చెప్పకుండా దాచింది. దానికి కారణముంది. ఇంటి వెనక ఈరప్ప తవ్వడం మొదలుపెట్టిన బావికి బండ అడ్డుపడితే, మన రాత ఇంతేలే అని గడ్డపార మూలన పడేశాడు. రాజు వదల్లేదు. వచ్చినప్పుడల్లా బావిలో దిగి బండను పొడిచి పొడిచి ముక్కలు చేసేవాడు. ఆ తర్వాత ఈరప్ప అరచేతుల్లో బొబ్బలు చూసుకుని, పెళ్లాం మొహం చూసి, ఏమీ అడగకుండా ముడుచుకుని పడుకునేవాడు. నీళ్లు పడేదాకా రాజు ఉంటే మేలని అంజనమ్మ ఆశపడింది. నిజం చెప్పాలంటే ఆ దమ్మున్న మనిషంటే ఆమెకు ఇష్టం కూడా కలిగింది.

ఒక మధ్యాహ్నం రాజు బావిలోంచి పైకి వచ్చాడు. కింద బండ పగిలింది గాని చెమ్మ లేదు. గడ్డపార భుజాన పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"బాలిక ఏది? జలము బలి కోరుచున్నది," అన్నాడు.

కూతురు సుంకమ్మ గడప మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. నాయన ఆటకు పిలిచాడనుకుని లేచింది. అంజనమ్మ బిడ్డను లోపలికి తోసి గొళ్లెం పెట్టి తలుపుకు అడ్డంగా నిలబడింది. పెళ్లయ్యాక ఎన్నడూ నోట పలకని మొగుడి పేరు పెట్టి పిలిచింది. ఇంకోసారి పిలిచింది. ఆ కళ్లు చలించలేదు. అరిచినా వినే దిక్కు లేదు, ఊరంతా కరువు పనికి పోయింది.

రాజు అడుగు ముందుకేశాడు. ఈ మనిషికి తన మాట పట్టదు, నాటకం మాటే పడుతుందని అప్పుడు తట్టింది ఆమెకు. వాకిట్లో చేతికందే పొయ్యి పక్కన ఉన్న కట్టెల్లోంచి, కత్తి దూసినట్టు ఒక కందికట్టె లాగింది. ఆడది వేషం కట్టడం ఆ ఊళ్లో లేదు. కానీ ఈ వాకిట్లో నాటకం సాధన జరిగినన్నాళ్లూ సేనాపతి మాటలు ఆమె చెవిన పడుతూనే ఉన్నాయి.

"ఓరీ దుర్మార్గా, పసిబిడ్డ ప్రాణముతో దప్పిక తీర్చుకొను రాజునకు ఈ నేలపై చోటు లేదు."

ఒక్క మాట తప్పలేదు. రాజు ఆగాడు. గడ్డపార పైకెత్తాడు. అది పడితే తన తల రెండు చెక్కలని ఆమెకు తెలుసు. వెనక తలుపును బిడ్డ చేతులు బాదుతున్నాయి. అంజనమ్మ కదలకుండా కందికట్టె కొనను అతని రొమ్మున ఆనించింది.

గడ్డపార జారి పక్కన పడింది. రాజు రొమ్ము పట్టుకుని, రంగం మీద పడవలసిన తీరుగానే మోకాళ్ల మీద కూలి, వెల్లకిలా ఒరిగాడు. ఆమె పొయ్యిలోంచి మండే పుల్ల తీసి హారతి తిప్పింది. కిరీటం దించినట్టు అతని తలగుడ్డ విప్పి పక్కన పెట్టింది.

చాలాసేపటికి అతను కళ్లు తెరిచాడు.

"ఏమే, నేనీడ యాల పండుకోనుండా?"

అంజనమ్మ భోరుమని ఏడ్చింది. మొగుడు దక్కినందుకు ఏడ్చింది, ఆ పోయినవాడి కోసమూ ఏడ్చింది.

ఈరప్ప లేచి, బావి అంచుకు పోయి తొంగి చూసి, జడుసుకుని వెనక్కి తగ్గాడు. ఇన్నాళ్లూ అడగనిది అప్పుడు అడిగాడు.

"ఇంత లోతు ఎవురు తవ్వినారే?"

"ఒకాయన తవ్వినాడు. చచ్చిపోయినాడు."

"అట్లయితే పూడ్చేద్దాం," అన్నాడు ఈరప్ప. "బిడ్డ పడితే కష్టం."