ఎక్కని డాబా

డాబాల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే కంపెనీలో నాది కొలతల పని. విమానం నుంచి తీసిన ఫొటోలో డాబా కొలిచి, ఏ ప్యానెల్ ఎక్కడ పట్టేదీ గీసి పంపాలి. వంటింటి పక్కనున్న బల్లే నా ఆఫీసు. ఇంటి నుంచి చేస్తానంటే యజమాని పరీక్షగా ఒక్క డాబాకే ఒప్పుకున్నాడు. కొలత తప్పితే ఆఫీసున్న ఊరికి మారాలి, లేదంటే మానుకోవాలి. మంచం దిగలేని మామయ్యను అత్తయ్య ఒక్కతే చూసుకోలేదు. కనుక మానుకోవడమే.

ఆ ఉదయం ఫోన్‌లో యజమాని అందుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? నువ్వు ప్యానెళ్లు గీసిన చోట నీళ్ల ట్యాంకు ఉందట!"

"ఒకటి కాదు సార్, రెండు," అదే కాల్‌లో డాబా మీది నుంచి ప్యానెళ్లు బిగించే మేస్త్రీ గొంతు కలిపాడు. "ప్యానెళ్లు నీళ్లలో నానబెట్టమంటారా?"

ఫొటో నిరుటిది. ఈలోగా ట్యాంకులు కట్టేశారేమో!

"మేస్త్రీ గారూ, మీరున్న చోటు ఫోన్‌లో నాకు పంపండి."

"డాబా మీదే ఉన్నానమ్మా, ఇంకెక్కడుంటాను?"

"ముందు పంపండి బాబూ!"

పంపాడు. ఫొటో మీద చుక్క వెలిగింది, కానీ డాబా మీద కాదు. రెండు మేడల మధ్య ఉన్న నీలం రేకుల షెడ్డు మీద. ఫోన్ ఆ మాత్రం తడబడుతుంది. అయితే ఆయన ఏ మేడ మీద ఉన్నట్టు? రెండింటికీ ఒకటే రంగు, ఒకటే గేటు. చిరునామా గుర్తు పడింది ఆ గేటు మీదే; మనది ఏ మేడో ఇంటివాళ్లను నేను ముందే అడిగాను, మేస్త్రీ అడిగినట్టు లేదు.

"చెయ్యి ఊపుతున్నా, కనిపిస్తున్నానా?" అన్నాడు మేస్త్రీ.

"నిరుటి ఫొటోలో మీరెలా కనిపిస్తారండీ! వీధి వైపు తిరిగి నిలబడండి. రేకుల షెడ్డు ఏ చేతి వైపుంది?"

"ఎడమ చేతి వైపు."

"నేను కొలిచిన డాబా మీదైతే కుడి వైపు ఉండాలి. మీరెక్కింది పక్క మేడ. దిగండి!"

ఫోన్‌లో మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. అత్తయ్య గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇక్కడ ట్యాంకుల్లేవు సార్," రొప్పుతూ అన్నాడు మేస్త్రీ. "గచ్చంతా ఖాళీ."

"టేపు పెట్టి చూడు," అన్నాడు యజమాని.

నేను తెర మీద నా కొలతలు మళ్లీ చూసుకున్నాను.

"వేలెడు తేడా లేదు సార్. మెట్లగది నీడ పడే చోటు కూడా వదిలేసి గీసింది."

యజమాని గొంతు సవరించుకున్నాడు. "సరేనమ్మా. ఇకమీదట డాబాలన్నీ నీకే పంపిస్తా."

"ఇంటి నుంచేనా సార్?"

"ఇంటి నుంచే. ఇక్కడికొచ్చి నువ్వు చూసేదేముంది?"

ఫోన్ పెట్టేసి బల్ల మీద గట్టిగా చరిచాను. గ్లాసు దొర్లి టీ అంతా ఒలికింది.

"విన్నారా?" అత్తయ్య లోపలి గదిలోకి కేకేసింది. "మన కోడలు కుర్చీలోంచి లేవకుండానే మేస్త్రీని ఒక మేడ దింపి ఇంకో మేడ ఎక్కించింది!"

"నువ్వు నన్ను ఆడించినట్టే," అన్నాడు మామయ్య.

నేను గుడ్డ కోసం లేవబోయాను.

"కూర్చో," అంది అత్తయ్య. "ఇవాళ నేను తుడుస్తాలే."