నక్షాలో నాచు

విసుర్రాయి మళ్లీ ఆకుల మీద కూర్చుంది, ఇక జొన్నలు ఎలా విసరాలని సుభద్రమ్మ అత్త నర్సవ్వ పొద్దున్నే సణుగుడు మొదలుపెట్టింది. ఆమె కోపంలో న్యాయం ఉంది. కొడుకు హన్మండ్లు ఎల్లారెడ్డి ఊరి బడిలో పంతులు. ఊరి చెరువు నక్షా పెద్ద గుడ్డ మీద గీసి, ఏ మొక్క ఎక్కడ మొలుస్తుందో అక్కడ దాన్నే ఎండబెట్టి అతికించి, పిల్లలకు పాఠం చెప్పాలని అతని ముచ్చట. ముచ్చట అతనిది, చాకిరీ పెళ్లాం సుభద్రమ్మది. అతను తువ్వాలలో మూటగట్టి తెచ్చిన మొక్కల్ని పాత అఖ్బారు కాగితాల మధ్య పరచడం, మీద విసుర్రాయి పెట్టడం, చెమ్మెక్కిన కాగితాలు మార్చడం, పురుగు పట్టకుండా వేపాకు వేయడం, గంజితో అతికించడం, అన్నీ వంట మధ్యలోనే.

కామారెడ్డి నుంచి వచ్చిన తోటి పంతులు ఆ పనితనాన్ని మెచ్చుకుంటే హన్మండ్లు నవ్వి, "ఇంట్ల ఊకెనే ఉంటది గద, గదే జేస్తది" అన్నాడు. చాయ్ పట్టుకుని గడపలో నిలబడ్డ సుభద్రమ్మకు ఒళ్లు మండింది. అంతకన్నా పెద్ద బాధ ఒకటి లోపల ఉంది, ఎవరికీ చెప్పుకోలేదు. చెరువు చెరువంతా ఆమె చేతుల మీదుగా పోయింది గానీ, ఒక్క మొక్కనూ బతికుండగా చూడలేదు. పంతులు పెళ్లాం చెరువు దగ్గర తిరిగితే బాగుండదని కాపురానికొచ్చిన కొత్తలోనే చెప్పేశారు.

నక్షాలో అన్నీ కుదిరాయి, నాచు తప్ప. ఎన్నిసార్లు తెచ్చినా ఇంటికొచ్చేసరికి ముద్దయ్యేది, ఎండితే నల్లటి పీచు. నీకు ఎండబెట్టడం కూడా రాదని అతను విసుక్కున్న రోజు ఆమె తలెత్తింది.

"నీళ్లల్లనే దాని కింద కాయితం పెట్టి లేపాలె. నేనే పోత."

నలుగురూ ఏమంటారోనని హన్మండ్లు నసిగాడు. నర్సవ్వ చేటలో జొన్నలు చెరుగుతూ, "పోనియ్యిరా, గీ పని అయితె గా విసుర్రాయన్న నాకు దొరుకుతది" అన్నది.

సుభద్రమ్మ చీర ఎగగట్టి మోకాలి లోతు నీళ్లలో దిగింది. ఇంట్లో పీచులా ఉండే నాచు ఇక్కడ రెక్కరెక్కా విప్పుకుని ఊగుతోంది. దాని సందుల్లో చేపపిల్లలు, ఆకులకు అంటుకుని చిన్న నత్తలు. ఇవేవీ నక్షాలో లేవే అనుకుంది. ఎంత సంతోషం వేసిందంటే, వచ్చిన పని మరిచి చాలాసేపు అలాగే నిలబడిపోయింది. గొర్లు తోలుకుపోతున్న బీరయ్య వింతగా చూశాడు, చూస్తే చూడనీ అనుకుంది. తరవాత దళసరి కాగితం నాచు కిందికి జొనిపి, నీళ్లు జారిపోయేలా మెల్లగా ఎత్తింది. రెక్కలన్నీ కాగితం మీద చక్కగా పరుచుకున్నాయి.

ఆ నాచు ఎండి నక్షాలో తన చోటుకు చేరిన సాయంత్రం హన్మండ్లు మురిసిపోయాడు. ఇక అడవి నక్షా మొదలుపెడదాం, పొద్దున్నే నేను పోయి ఆకులు తెస్తాను, నువ్వు కాగితాలు సిద్ధంగా ఉంచు అన్నాడు.

సుభద్రమ్మ గంజి చేతులు కడుక్కుని వచ్చి, అతని ఎదురుగా తీరిగ్గా కూర్చుంది.

"కాయితాలు నేను పట్టుకొస్త, ఇద్దరం పోదాం. పచ్చగ సూడని చెట్టును ఇగ నేను ఎండబెట్ట."