వేమగుంట పెద్దవీధిలో సైకిలు

జ్ఞానప్రకాశం మాస్టారు సైకిలు జట్టు పెట్టింది ఊరూరా సువార్త కరపత్రాలు పంచడానికి. కుర్రాళ్ళు జట్టులో చేరింది మాత్రం సైకిలు తొక్కడానికి. ఈ సంగతి ఆయనకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. తెలియనట్టు ఉండడంలోనే అందరికీ సుఖం ఉంది. శనివారం మధ్యాహ్నం నెల్లూరు హాస్టలు వాకిట్లో మాస్టారి ప్రార్థన ఎంత పొడుగు సాగితే, ఆ తర్వాత మైపాడు దారిలో హెబ్రోను అనే కుర్రాడు అంత జోరుగా తొక్కేవాడు. కరపత్రాలు మొదటి రెండు పల్లెల్లోనే అయిపోయేవి. అడిగినవాడికి ఒకటి, అడగనివాడికి నాలుగు.

జట్టులో ముగ్గురే గట్టివాళ్ళు. ఆనందబాబు, క్రీస్తురాజు, హెబ్రోను. ముగ్గురివీ ఎవరో వాడి వదిలేసిన సైకిళ్ళే. క్రీస్తురాజు బండికి బ్రేకులు ఉన్నాయా అని అడిగితే, "వాడికి చెప్పులుండాయి గదా" అనేవాడు ఆనందబాబు. కాలవ కట్ట మీద తాటిచెట్ల మధ్య సందు చూసుకుని దూరేవాళ్ళు. సరుగుడు తోపుల్లో ఇసక చక్రాలను పట్టుకుంటే బండ్లను భుజాన వేసుకుని సముద్రం దాకా నడిచేవాళ్ళు. తిరుగు దారిలో ముంజలు తినేవాళ్ళు. ఎవరు ముందు హాస్టలు వాకిలి చేరితే వాడు ఆ వారానికి రాజు. ఆ రాజ్యం దాదాపు ఎప్పుడూ హెబ్రోనుదే.

హెబ్రోను ట్రైనింగు స్కూల్లో చదువుతున్నాడు. సొంత ఊరు వేమగుంట, కోవూరు నుంచి అల్లూరు పోయే రోడ్డు మీద ఉంటుంది. ఆ రోడ్డే ఊళ్ళోకి రాగానే పెద్దవీధి అయిపోతుంది. కోవూరు వైపున్న మాలపల్లె నుంచి వచ్చేవాడెవడైనా ఆ వీధి మొదట్లో సైకిలు దిగాలి. దిగి, చెప్పులు చేత పట్టుకుని, బండి తోసుకుంటూ వీధి చివరిదాకా నడిచి, అక్కడ ఎక్కాలి. ఇది ఊరి కట్టుబాటు. అంటరానితనం నేరమని చట్టం వచ్చి చాలాకాలమైంది. అది నెల్లూరు దాకా వచ్చింది గాని, వేమగుంటకు దానికింకా బండి దొరకలేదు.

నెల్లూరు నుంచి సముద్రం దాకా ఊపిరి బిగబట్టి తొక్కేవాడు, సెలవులకు ఇంటికి వెళ్ళి ఆ వీధి మీదుగా పోవలసి వచ్చినప్పుడల్లా దాని మొదట్లో దిగేవాడు. దిగినప్పుడల్లా వాడికి ఒళ్ళు మండేది. మంటను మింగి దిగేవాడు. ఎందుకంటే వాళ్ళ నాయన దావీదు ఆ వీధిలోనే పద్మనాభయ్య గారింట్లో పాలేరు. తినే గింజ ఆ గాదెలోంచే రావాలి.

అరవై రెండో సంవత్సరం ఎండాకాలానికి ముందు కోవూరులో యువజనుల సైకిలు పందెం అన్నారు. కోవూరులో బయలుదేరి అల్లూరులో ముగింపు. కప్పు ఇచ్చింది పద్మనాభయ్య గారు. దారిలో మజ్జిగ పోయిస్తానన్నదీ ఆయనే. ఇంత ఇచ్చిన మనిషి ఒక్క మాట అడిగాడు. తమ ఊళ్ళో పెద్దవీధి మొదట్లో ఎర్రజెండా ఎత్తిస్తాడు. అక్కడ పందెగాళ్ళందరూ, ఏ కులం వాళ్ళయినా సరే, దిగి నడవాలి. పిల్లలూ గొడ్లూ తిరిగే వీధి, ఎవరికైనా తగిలితే ఎవరిది పూచీ అన్నాడు. కమిటీ వాళ్ళు ఆహా అన్నారు. జిల్లాలో ఇంకే ఊళ్ళోనూ పిల్లలు గాని గొడ్లు గాని లేనట్టు!

"అందరూ దిగుతారు కదా నాయనా, మనకొక్కళ్ళకే ఏం తక్కువతనం?" అన్నాడు జ్ఞానప్రకాశం మాస్టారు.

"అందరూ ఒక్కరోజు దిగతారు మాస్టారూ. మేం దినామూ దిగతా ఉండాం," అన్నాడు హెబ్రోను. "ఆ ఒక్కరోజు మమ్మల్ని ఎక్కనీకుండా చేసేదానికే వాళ్ళంతా దిగేది."

మాస్టారు మంచివాడు. గొడవంటే మాత్రం ఆయన ఆమడ దూరం. "పందెం గెలవడం ముఖ్యమా, పంతం ముఖ్యమా?" అన్నాడు. రెండూ ఒకటే అని హెబ్రోను లెక్క.

పందేనికి ముందు రోజు వాడు ఇంటికి వెళ్ళాడు. వెళ్ళగానే తెలిసింది, రేపు ఆ ఎర్రజెండా పట్టుకుని నిలబడబోయేది తన తండ్రేనని. వేమగుంటలో అంతమంది పాలేర్లుండగా పద్మనాభయ్య ఏరి ఏరి దావీదును పెట్టాడు. కొడుకు పందెంలో ఉన్నాడని ఆయనకు బాగా తెలుసు.

"నేను దిగను," అన్నాడు హెబ్రోను.

తల్లి రెబెక్కమ్మ సంగటి పెడుతున్నదల్లా తెడ్డు అట్లాగే వదిలేసింది. "నువ్వు దిగకపోతే మీ నాయన నోట్లో మన్నేరా! రేపు పొద్దన్నే పో అంటే యాడికి పోతాడు ఆ మనిషి?"

"నాయనా, నువ్వు చెప్పు. దిగాల్నా?"

దావీదు మాటకారి కాదు. గొడ్లతో మాట్లాడినంత కూడా మనుషులతో మాట్లాడడు. ముద్ద మింగి, నీళ్ళు తాగి, "దిగు," అన్నాడు. అంతే. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

హెబ్రోనుకు తండ్రి మీద అసహ్యం వేసింది. అట్లా వేసినందుకు తన మీద తనకు ఇంకా అసహ్యం వేసింది. రెండూ కలిసి కోపమయ్యాయి. తెల్లవారగానే ఎవరికీ చెప్పకుండా కోవూరు దారి పట్టాడు. దిగేది లేదు. నాయన జెండా ఎత్తితే ఎత్తనీ. ఆ జెండా పక్కనుంచే తొక్కుకుని పోతాను. వాడు దారంతా అనుకున్నది ఇదే.

కోవూరులో ఈల వేయగానే ఇరవై మందికి పైగా కదిలారు. వాళ్ళలో పద్మనాభయ్య గారి మేనల్లుడు హజరత్తయ్య ఒకడు. కొత్త బండి, కొత్త నిక్కరు, చేతికి వాచీ. కుర్రాడు మంచివాడే, తొక్కడమూ వచ్చు. కాకపోతే రోడ్డు కన్నా వాచీని ఎక్కువ చూసుకున్నాడు. మొదట కాసేపు క్రీస్తురాజు ముందున్నాడు. తర్వాత వాడి గొలుసు ఊడింది. "పో అన్నా, నువ్వు పో!" అని వాడు రోడ్డు పక్కనుంచి అరుస్తుంటే హెబ్రోను దాటిపోయాడు. సముద్రం వైపు నుంచి ఎదురుగాలి మొదలైంది. మిగతావాళ్ళు ఆ గాలిని తిట్టుకున్నారు. మైపాడు దారిలో శనివారం శనివారం ఆ గాలితోనే కుస్తీ పట్టినవాడు గనక హెబ్రోను తల వంచి తొక్కాడు. వేమగుంట చెరువు కట్ట మలుపు తిరిగేసరికి వెనక చప్పుడే లేదు.

ఎదురుగా పెద్దవీధి. వీధి మొదట్లో నాయన.

ఎండలో ఒక్కడే నిలబడ్డాడు దావీదు. ఎవరిదో పెద్ద చొక్కా తొడిగారు ఆయనకు, మోచేతులు దాటి వేలాడుతోంది. చేతిలో కర్ర, కర్రకు ఎర్రగుడ్డ. ఆ వెనక పెద్ద అరుగు మీద పడక్కుర్చీలో పద్మనాభయ్య, చుట్టూ ఊరి పెద్దలు. దావీదు కర్ర ఎత్తాడు.

దారంతా అనుకున్నది అక్కడ పనిచేయలేదు. తండ్రి ఎత్తిన చేతిని దాటి పోవడం వాడి వల్ల కాలేదు. నువ్వు చవటవిరా అని లోపల ఒకడు తిడుతూనే ఉన్నాడు. అయినా పెడళ్ళు నెమ్మదించాయి. బండి ఆగింది. హెబ్రోను కుడికాలు నేల మీద పెట్టి, సీటు మీంచి దిగాడు. తండ్రి మొహం చూడకుండా హ్యాండిలు పట్టుకుని ఒక అడుగు వేశాడు.

"దిగబాక," అన్నాడు దావీదు.

హెబ్రోను తలెత్తాడు.

"ఎందుకు దిగినావు? ఎక్కు." ముసలాయన గొంతు పెద్దదేం కాదు. కర్ర మాత్రం కిందికి దించి, గుడ్డను పాదాల దగ్గర దుమ్ములో పెట్టాడు. "నేను దిగు అన్నానని దిగతావా? నా బతుకంతా దిగే సరిపాయ. ఎక్కి పో రా!"

అరుగు మీద పడక్కుర్చీ కిర్రుమంది. "ఒరే దావీదూ! జెండా! జెండా ఎత్తరా!"

దావీదు అటు తిరగలేదు. హెబ్రోను ఎక్కాడు. ఎట్లా ఎక్కాడో వాడికే తెలియదు, కాళ్ళు వాటంతట అవే తొక్కాయి. ఆ వీధిని సైకిలు సీటంత ఎత్తునుంచి చూడడం వాడి జన్మలో అదే మొదటిసారి. దించిన తలకు ఇన్నేళ్ళూ గోడలే కనపడేవి. ఇప్పుడు గోడల అవతల కూడా కనపడింది. ఒక దొడ్లో కాకరపాదు, ఒక దొడ్లో అంట్లగిన్నెలు, ఒకచోట తలకు నూనె పెట్టించుకుంటూ నోరు తెరిచిన పెద్దావిడ. ఇంతేనా? ఈ కాకరపాదు కోసమా మమ్మల్ని దింపింది? వాడికి నవ్వొచ్చింది. నవ్వుతూనే గంట కొట్టాడు. అడ్డం ఎవరూ లేరు, అయినా కొట్టాడు. వీధి చివరిదాకా కొడుతూనే ఉన్నాడు.

వెనక వస్తున్నవాళ్ళకు జెండా కనపడలేదు. ముందువాడు ఎక్కే పోతున్నాడు. ఇంకెవడు దిగుతాడు? గాలి పడక్కొట్టిన కసిలో ఉన్నారు అందరూ. ఆనందబాబు ఎక్కే పోయాడు. కోవూరు రైతుబిడ్డలు ఎక్కే పోయారు. మేనమామ అరుగు మీద నిలబడి చేతులూపుతుంటే, తనను ఉత్సాహపరుస్తున్నాడనుకుని హజరత్తయ్య ఇంకా గట్టిగా తొక్కాడు. ఆ పూట వేమగుంట పెద్దవీధిలో సైకిలు దిగినవాడంటూ ఒక్కడూ లేడు.

అల్లూరులో పందిరి కిందికి హెబ్రోను మొదట చేరాడు. హజరత్తయ్య రెండోవాడు. అతనే ముందు వచ్చి హెబ్రోను చెయ్యి పట్టుకుని ఊపాడు. జనం ఈలలు వేశారు. ఆ సంబరం చల్లారకముందే పద్మనాభయ్య గారి రైసుమిల్లు లారీ వచ్చి ఆగింది. ఆయన ముందు సీట్లోంచి దిగాడు. వెనక గోతాల మధ్య నుంచి దావీదు దిగాడు. చెయ్యి అందించబోయిన హెబ్రోనును చూసి, అక్కర్లేదన్నట్టు తల ఊపాడు.

కమిటీ అధ్యక్షుడు చెమటలు తుడుచుకున్నాడు. నియమం తప్పారు గనక పందెం చెల్లదని ఒకరు, అందరూ తప్పారు గనక చెల్లుతుందని ఒకరు. అట్లా కొంతసేపు నడిచింది. పద్మనాభయ్య అంతా విన్నాడు. ఆయన తెలివైనవాడు. పందెం రద్దయితే మేనల్లుడి పేరూ పోతుంది, ఊరి కట్టుబాటు దావీదు తెంచాడన్న మాట జిల్లా అంతా పాకుతుంది. అందుకని నవ్వు మొహం పెట్టాడు.

"ఇంత రచ్చ ఎందుకయ్యా? వాడు ముసలోడు. చూపు ఆనదు. పిలకాయలొచ్చేది కానలా, జెండా ఎత్తలా. పొరపాటు! పొరపాటుకు శిక్ష ఏంది? రేపు పనిలోకి రానీ, నేనేమీ అనుకోను. పిల్లోడికి కప్పిచ్చేయండి." తర్వాత దావీదు వైపు తిరిగాడు. "అంతే గదరా? కళ్ళు కనపళ్ళేదు, అంతే గదా?"

అధ్యక్షుడికి ప్రాణం లేచొచ్చింది. "అదే అయితే చిక్కే లేదు. అతను ఆ ఒక్క మాట చెబితే చాలు."

అందరూ దావీదు వైపు చూశారు. జ్ఞానప్రకాశం మాస్టారు హెబ్రోను భుజం మీద చెయ్యి వేసి, మాట్లాడొద్దన్నట్టు నొక్కాడు. కప్పు బల్ల మీద ఉంది, ఎండకు మెరుస్తోంది. హెబ్రోనుకు ఆ కప్పు కావాలి. చాలా కావాలి. ఒక్క అబద్ధంతో కప్పూ దక్కుతుంది, నాయన పనీ నిలుస్తుంది, అమ్మ కుండలో గింజా ఉంటుంది. నాయన ఊ అంటే తప్పు పట్టకూడదని వాడు మనసులో గట్టిగా అనుకున్నాడు. రాత్రి అసహ్యించుకున్నది చాలు.

దావీదు చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"నాకు చూపు బాగానే ఉండాది సామీ," అన్నాడు. "చెరువు కట్ట మలుపు కాడినించే చూస్తా ఉండా. మావోడే అందరికన్నా ముందొస్తా ఉండాడు. చూసే దించినా."

పద్మనాభయ్య మొహం గంటుపెట్టుకుని లారీ ఎక్కాడు. కప్పును ఎవరో పెట్టెలో పెట్టి ఆయన ఒళ్ళోకి అందించారు. "రేపట్నించి నా గడప తొక్కబాక!" అని అరుపు వినిపించింది. లారీ దావీదును ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది.

హెబ్రోను సైకిలు తిప్పి తెచ్చాడు. కళ్ళు తుడుచుకున్నాడు, ఎవరు చూసినా లెక్కచేయలేదు. "ఎక్కు నాయనా," అన్నాడు.

"ఏ దారిన పోదామురా?"

"ఊరికుండేది ఒకటే దారి గదా, పెద్దవీధి."

దావీదు ఆలోచించాడు. పంచె ఎగ్గట్టి, వెనక కారియర్ మీద కూర్చుని కొడుకు నడుం పట్టుకున్నాడు. ఆనందబాబు, అప్పుడే గొలుసు బిగించుకుని చేరిన క్రీస్తురాజు చెరో పక్కనా బయలుదేరారు.