నుదురు మోసిన రెప్ప

“మల్లా తలెగరేసింది సూడు,” అంది అత్త అసిరమ్మ, గుమ్మంలో బియ్యం చెరుగుతూ. కోడలు జగ్గమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతోంది. పొందూరు సన్నపు నూలుకి ఆ దవడ పళ్లే దువ్వెన.

పొగరూ కాదు, పాడూ కాదు. పంతొమ్మిది వందల అరవై ఆరులో చిన్నాడు పుట్టినప్పటి నుంచి, అంటే రెండేళ్లుగా, ఆమె కుడికంటి పైరెప్ప సగానికి జారి ఉంటోంది. గడ్డం ఎత్తి, కనుబొమలు పైకి లాగితేగాని రాట్నం మీద దారం కనబడదు. అది అత్తకి పొగరు. మగ్గం నేసే మొగుడు సూరయ్యకి బద్ధకం. “నాతో మాటాడినప్పుడు సగం కన్ను మూస్తావేటే, అంత సులకనా?” అని ఓసారి నలుగురిలో అడిగాడు కూడాను. తల దించితే అన్నంలో రాయి కనబడదు, ఎత్తితే మాట పడాలి. ఏం బతుకిది! పొద్దు వాలేసరికి నుదురు పగిలిపోయేది. శొంఠి అరగదీసి పట్టు వేసుకుని మళ్లీ పొయ్యి ముందు కూచునేది.

నూలు ముతకబడిందని ఆమె వడికిన చిలపల చుట్టలు వెనక్కి వచ్చాకే సూరయ్య ఆమెని శ్రీకాకుళం తీసుకెళ్లాడు.

కళ్ల డాక్టరమ్మ ఆమె కనుబొమని బొటనవేలితో నొక్కిపట్టి, “పైకి చూడమ్మా,” అంది. రెప్ప సగం దగ్గరే ఆగిపోయింది. ఎంత తంటాలు పడ్డా అంతే.

“రెప్పలో దాన్ని పైకెత్తే పల్చటి కండ ఒకటుంటుంది. దాని కొస రెప్ప అంచున ఉండే గట్టి పలకకి అతుక్కుని ఉండాలి. నీకది ఊడి జారింది. ఇన్నాళ్లూ ఆ పని నీ నుదురు చేస్తోంది, అందుకే తలనొప్పి. రెప్ప మడతలో కోసి మళ్లీ బిగించి కుడతాను. మధ్యలో కళ్లు తెరవమంటాను, రెండూ సమంగా ఉన్నాయో లేదో చూడాలిగా.”

జగ్గమ్మకి ఏడుపొచ్చింది. కోత భయం కాదు. అది పొగరు కాదని ఒక్కరైనా చెప్పారు.

ఆమె బయటికొచ్చి సంగతి చెప్పగానే వరండాలో సూరయ్య లేచి నిలబడ్డాడు. “పది రోజులు పొగ తగలకూడదంట. పొయ్యెవరు సూస్తారు? ఒక కన్ను బాగానే ఉన్నాది గదా. మగ్గమ్మీది పంచెలు దిగనీ, అప్పుడు సూద్దాం. రా, బస్సెల్లిపోతాది.”

అలవాటుగా కనుబొమలు ఎత్తబోయి ఆగింది. రెండేళ్లలో మొదటిసారి నుదుటిని వదిలేసింది. రెప్ప జారిపోయి మొగుడు సగమే కనబడ్డాడు. సగం చాలనిపించింది.

“నువ్వెల్లు మావా. నానుండిపోతాను.”

“మరి పొయ్యి?”

“రెప్ప పని నా నుదురు సేసింది. మీ అందరి పనీ నాను సేసినాను. ఇంక ఎవరి పని ఆల్లు సేసుకోండి.”

డాక్టరమ్మ గదిలోకి గడ్డం ఎత్తుకునే నడిచింది. పొగరనుకుంటే అనుకోనీ.