ఉపవాసం రోజు గుడాఖు

పార్వతమ్మ పేరున ఆడవాళ్ళు చేసే తీజ్ ఉపవాసానికి మా అక్క బిసాహిన్‌ను అత్తవారింటి నుంచి తీసుకొస్తూ, దారిలో ధమ్తరీలో పళ్ళ డాక్టరమ్మకు చూపించాను. అక్కకు కింది పెదవి లోపల తెల్లటి మచ్చ కట్టి చాన్నాళ్ళుగా మానడం లేదు.

"తంబాకు వాడతావా తల్లీ?" అని పొగాకు సంగతి అడిగింది డాక్టరమ్మ.

"ఛీ, మా ఇంటావంటా లేదు," అంది అక్క. నేనూ లేదనే తల ఊపాను. డాక్టరమ్మ పూతమందు ఇచ్చింది. తగ్గకపోతే ఆలస్యం చెయ్యకుండా రమ్మంది.

ఆ రాత్రి కాకరకాయ కూర, అన్నం. ఉపవాసం ముందు ఆడవాళ్ళు నాలుగిళ్ళు తిరిగి తినాలి. అక్క మా ఇంట్లోనే రెండో ముద్దకు ఆగిపోయింది. కారం తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తిను దీదీ, రేపంతా మంచినీళ్ళు కూడా ఉండవు," అంది నా భార్య రాంబతీ.

"నీ చేతి కూర కన్నా ఉపవాసమే నయంలే," అంది అక్క. నవ్వబోయింది కాని పెదవి సాగలేదు.

తెల్లవారుజామున లేచి చూస్తే ఇద్దరూ వాకిట్లో కూర్చుని, నల్లటి గుడాఖు వేలికి రాసుకుని తీరిగ్గా పళ్ళు రుద్దుకుంటున్నారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. మా అమ్మా అలాగే రుద్దేది. నడి వయసుకే ఆమె పళ్ళన్నీ ఊడిపోతే, కాలం చేసిన పని అనుకున్నాం. ఆ రోజు మాత్రం నా కళ్ళు అక్క వేలి మీదే నిలిచాయి. వేలు సరిగ్గా ఆ మచ్చ దగ్గరే తిరుగుతోంది.

"దీదీ, బెల్లం, తంబాకు కలిపి నూరిందే కదా ఇది?"

"అయితే? ఉప్పు వేశామని కూరను ఉప్పంటామా? తంబాకంటే మీ మగాళ్ళు నమిలి గోడల మీద ఊసేది. ఇది పళ్ళు తోముకునేది."

"మరి ఉపవాసం?"

"పాచి నోటితో పూజ చెయ్యమని పార్వతమ్మ చెప్పిందా నీకు?"

"పళ్ళు తోముకోడానికే అయితే ఈ ఒక్కరోజూ వేప పుల్లతో తోముకో," అన్నాను.

"ఓస్, ఇంతేనా," అని వేలు కడిగేసుకుని, గుడాఖు డబ్బీ కొంగున ముడేసుకుంది.

"నన్ను కలపకండి మీ పందెంలో," అంది రాంబతీ.

మధ్యాహ్నానికి అక్క తలకు గుడ్డ కట్టుకుంది. పూజకు పూలు గుచ్చుతుంటే చేతులు వణికాయి. మా పిల్లలు నవ్వితే కసిరింది.

"దాహంగా ఉందా దీదీ?"

"నీళ్ళ ఊసే లేదురా పునా. ఆకలీ లేదు. ఇదే కావాలి." కొంగు ముడి విప్పి డబ్బీ అరచేతిలో పెట్టుకుంది. "ఇప్పుడు రుద్దుకుంటే పళ్ళు తోమినట్టా? ఉపవాసం చెడినట్టా?"

రోజూ దీపం పెట్టి రామాయణం చదువుకునే వాణ్ణి. నాకేం తెలియలేదు. నీళ్ళు లేకుండా ఉండగలిగిన మనిషి పళ్ళ మందు లేకుండా ఉండలేదా? ఉండలేకపోతే దాన్ని పళ్ళ మందని ఎలా అనడం? తోముకొమ్మంటే ఆ మచ్చ గుర్తొస్తోంది. వద్దంటే ఆ చేతులు చూడలేకపోతున్నాను.

అక్క మూత తీసింది. వాసన చూసింది. మూసేసింది. "సాయంత్రం పూజ పాటలుంటాయిలే, వాటిలో పడితే ఇది గుర్తుండదు," అని మళ్ళీ పూలు అందుకుంది.

మర్నాడు ఉపవాసం విడిచాక, డాక్టరమ్మ దగ్గరికి పద అని తనే అంది. నేను బండి తీసేసరికి పళ్ళ సందుల్లో నలుపుతో వచ్చి నిలబడింది.

"మళ్ళీనా దీదీ?"

"పళ్ళ డాక్టరు దగ్గరికి పాచి నోటితో వస్తానా?"

నవ్వాలో కోప్పడాలో తెలియక బండి నడిపాను.

డాక్టరమ్మ అద్దం తీసేలోపే అక్క డబ్బీ బల్ల మీద పెట్టింది. "మొన్న నేను అబద్ధం చెప్పలేదమ్మా. ఇది తంబాకో, పళ్ళ మందో నువ్వే చెప్పు."

డాక్టరమ్మ డబ్బీని ఒకసారి చూసి, దీపం అక్క నోటి వైపు తిప్పింది. చాలాసేపు చూసింది.

"తంబాకేనమ్మా. ఇవాళ్టి నుంచే మానెయ్యాలి. మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం. అదేమిటో అప్పుడు తెలుస్తుంది."

అక్క డబ్బీ అక్కడే వదిలేసి నా వైపు తిరిగింది.

"మరి రేపు పొద్దున దేంతో తోముకోనురా?"

వేప పుల్ల అనబోయి, నిన్న పూలు గుచ్చుతూ వణికిన ఆ చేతులు గుర్తొచ్చి ఆగిపోయాను.